ఆపిన చోటే మొదలవ్వాలి: ఒక చిన్న ఆడియో ప్లేయర్ కేస్ స్టడీ

మా నాన్నగారు రోజూ సాయంత్రం ఫోనులో ప్రవచనాలు వింటారు. ఒక్కో ఫైలు దాదాపు 80 నిమిషాలు ఉంటుంది. ఫోనుతో వచ్చిన ప్లేయర్ పాటల కోసం చేసినది కాబట్టి, ఎప్పుడు తెరిచినా ఫైలును మొదటి నుంచే మొదలుపెట్టేది. దానికి ఆయన చేసుకున్న ఏర్పాటు గోడ క్యాలెండర్. చించేసిన పాత నెల కాగితం వెనకవైపు "12వ రోజు – 47 ని." అని పెన్సిలుతో రాసుకుని, మర్నాడు ప్లేయర్‌లో సమయం చూపే గీత మీద వేలు జరిపి 47 దగ్గరకు తెచ్చుకునేవారు. చిన్న తెర మీద 80 నిమిషాల గీతలో ఒక నిమిషం అంటే వెంట్రుకవాసి. వేలు కాస్త వణికితే 47 కావలసినది 52 అవుతుంది.

ఆండ్రాయిడ్ అప్లికేషన్లు రాయడం నా వృత్తి కనుక, ఈ ఒక్క పని సరిగ్గా చేసే ప్లేయర్ ఒకటి రాద్దామని కూర్చున్నాను. రెండు మూడు సాయంత్రాల పని అనుకున్నది నెలలు పట్టింది. స్థానాన్ని ఒక సంఖ్యగా దాచి, మళ్లీ చదవడానికి పది పంక్తుల కోడ్ చాలు. ఏ చోటును "ఇక్కడి దాకా విన్నారు" అని నమ్మాలో, దేన్ని నమ్మకూడదో తేల్చడానికే మిగతా కాలమంతా పోయింది.

మొదలుపెట్టే ముందు చేసిన మంచి పని ఆ క్యాలెండర్ కాగితాలను తీసి చదవడం. వాటిలో సెకన్లు ఎక్కడా లేవు. ఆపిన నిమిషం కంటే ఒకటి రెండు తక్కువే రాసి ఉండేది. అడిగితే, "కాస్త వెనక నుంచి వింటే గానీ ప్రసంగం అందదు" అన్నారు. పూర్తిగా విన్న రోజుకు టిక్కు ఉంది. రోజూ తెల్లవారుజామున పెట్టే సుప్రభాతం ఆ కాగితాల్లో ఒక్కసారి కూడా లేదు, ఎందుకంటే దాన్ని మధ్యలో నుంచి ఎవరూ వినరు. ఈ నాలుగు సంగతులూ నాకు తర్వాత ఒక్కొక్కటిగా ఎదురొచ్చాయి. కాగితంలో ముందే ఉన్నవాటిని నేను తప్పులు చేసి నేర్చుకున్నాను.

రెండు పనులకు ఒకే పేరు

ఇలా ఆపిన చోటు నుంచి మొదలవడాన్ని ఆటో రెజ్యూమ్ అంటారు. ఆ మాటలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఆపిన చోటును గుర్తుంచుకోవడం ఒకటి, ఎవరూ నొక్కకుండానే తనంతట తాను మోగడం మరొకటి. మొదటి వెర్షన్‌లో ఈ రెంటినీ నేను విడదీయలేదు. అప్లికేషన్ తెరవగానే ఆపిన చోటు నుంచి శబ్దం వచ్చేది. ఇంట్లో అది ముచ్చటగానే ఉండేది. నాన్నగారు బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చుని, టైమ్ చూసుకోబోయి పొరపాటున ప్లేయర్‌ను తాకిన రోజున హాలంతా ప్రవచనం విన్నది. ఆ సాయంత్రమే రెంటినీ విడదీశాను. చోటు ఎల్లప్పుడూ దానంతట అదే గుర్తుండాలి. శబ్దం మాత్రం వేలు నొక్కితేనే రావాలి. ఫోన్ కాల్ వల్ల ఆగినప్పుడు ఒక్కటే దీనికి మినహాయింపు, దాని సంగతి తర్వాత చెబుతాను.

అడిగి కొనసాగించాలా, అడగకుండానే కొనసాగించాలా అనేది ఇంకో ప్రశ్న. వీఎల్‌సీ ప్లేయర్ సెట్టింగుల్లో దీనికి మూడు దారులున్నాయి: ఎప్పుడూ వద్దు, ప్రతిసారీ అడుగు, ఎప్పుడూ కొనసాగించు. నేను మొదట నడిమి దారి పట్టి, "ఆపిన చోటు నుంచి కొనసాగించాలా?" అని ఒక పెట్టె చూపించాను. వారం రోజుల పాటు దాదాపు ప్రతి సాయంత్రం ఫోన్ వచ్చేది. "ఏరా, మళ్లీ అడుగుతోంది. అవునంటే మొదటికి పోదు కదా?" ఆ పెట్టె ఆయనకు సాయం చేయలేదు సరికదా, నేను తేల్చుకోలేని విషయాన్ని తీసుకెళ్లి ఆయన నెత్తిన పెట్టింది. పెట్టెను తీసేశాను. ఇప్పుడు ప్లే నొక్కితే ఎప్పుడూ ఆపిన చోటు నుంచే వస్తుంది, కింద "మొదటి నుంచి" అనే పెద్ద బటన్ ఒకటి ఉంటుంది.

ఎప్పుడు దాచాలి

అప్లికేషన్ మూసేటప్పుడు దాచితే చాలు అనేది అందరికీ తట్టే మొదటి ఆలోచన, నాకూ అదే తట్టింది. అప్లికేషన్ మూతపడేటప్పుడు ఆండ్రాయిడ్ పిలిచే ఆన్‌డిస్ట్రాయ్ అనే ఫంక్షన్‌లో దాచే కోడ్ పెట్టాను. ఆండ్రాయిడ్‌లో మెమొరీ చాలనప్పుడు సిస్టమ్ ఒక ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న అప్లికేషన్‌ను, ఆపేసేటప్పుడు ఆ ఫంక్షన్‌ను పిలిచి తీరుతానని హామీ ఏమీ ఇవ్వదు. తక్కువ మెమొరీ ఉన్న ఆ ఫోనులో, కాసేపు ఆపి ఫోటోలు చూసుకుని వచ్చేసరికి ప్లేయర్ ప్రాసెస్ పోయి ఉండేది, దానితో పాటే చోటూ పోయేది. అందుకని మోగుతున్నంతసేపు 10 సెకన్లకు ఒకసారి, అది కాక ఆపినప్పుడు, ఫైలు మారినప్పుడు దాచేలా మార్చాను. 80 నిమిషాల ఫైలుకు ఇది 480 చిన్న రాతలు. ఫోను నిల్వకు అదొక లెక్కలోది కాదు.

మొదట ఆండ్రాయిడ్‌లో చిన్న చిన్న సెట్టింగులు దాచుకునే షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో దాచాను. ఒక్క విలువ మారినా అది మొత్తం ఎక్స్ఎంఎల్ ఫైలును తిరగరాస్తుంది. పది ఫైళ్లున్నప్పుడు తెలియలేదు గానీ, వందల ప్రవచనాలకు చోట్లు దాచేటప్పుడు అది తగిన పాత్ర కాదని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కు మార్చి, ఫైలుకు ఒక వరుస పెట్టాను. ఆ వరుసలో ఉండేవి నాలుగే: ఫైలు గుర్తు, ఆగిన చోటు, ఫైలు నిడివి, చివరిసారి విన్న తేదీ, సమయం. ఆ చివరి అంశం ఎందుకో మొదట్లో నాకే తెలియదు, అలవాటుగా పెట్టాను. తర్వాత అదే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

ఫైలును ఎలా గుర్తుపట్టాలి

క్యాసెట్‌కు ఈ సమస్య లేదు. ఒక టేప్ రికార్డర్‌లో ఆపిన క్యాసెట్‌ను తీసి పక్కింటి టేప్ రికార్డర్‌లో పెట్టినా ఆగిన చోటు నుంచే మోగుతుంది, ఎందుకంటే చోటు ఆ టేపులోనే ఉంది. మన సాఫ్ట్‌వేర్‌లో చోటు ఒక దగ్గర, ఫైలు ఇంకో దగ్గర. రెంటినీ కలిపే ముడి ఏదన్నదే ప్రశ్న.

ఫైలు పాత్‌ను, అంటే అది ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఉందో చెప్పే చిరునామాను, ముడిగా వాడటం చాలా ప్లేయర్లు చేసే పని. ఎంపీవీ ప్లేయర్ అయితే పాత్‌కు ఎండీ5 అనే హ్యాష్ (డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) కట్టి, ఆ పేరుతో ఒక చిన్న ఫైలులో చోటును దాస్తుంది. ఫైలును వేరే ఫోల్డర్‌కు జరిపితే ఆ ముడి తెగిపోతుంది. నాన్నగారి విషయంలో ఫోను నిల్వ నిండినప్పుడల్లా మా తమ్ముడు వచ్చి ఫైళ్లను మెమొరీ కార్డుకు మారుస్తాడు కనుక పాత్ నిలిచేది కాదు. ఫైలు పేరును నమ్ముదామంటే ప్రతి ఫోల్డర్‌లోనూ 01, 02 అనే పేర్లే. ఫోనులోని పాటలు, ఫోటోల జాబితా ఉంచే ఆండ్రాయిడ్ మీడియాస్టోర్ ఒక్కో ఫైలుకు ఇచ్చే సంఖ్య కూడా కార్డు తీసి పెడితే మారిపోవచ్చు.

కాబట్టి ఫైలులోని సరుకునే గుర్తుగా తీసుకున్నాను. 38 మెగాబైట్ల ఫైలు మొత్తాన్ని ప్రతిసారీ చదవడం ఎందుకని, మొదటి 64 కిలోబైట్లకు హ్యాష్ కట్టాను. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు 13వ రోజు ఫైలు తెరిస్తే 12వ రోజు ఆగిన నిమిషం నుంచి మొదలైంది. ఎమ్‌పీ3 ఫైలు ముందు భాగంలో శీర్షిక వంటి వివరాలు రాసే ఐడీ3 ట్యాగ్ ఉంటుంది, ముఖచిత్రం కూడా అందులోనే ఉంటుంది. ఆ ఫైళ్లు తయారుచేసిన వారెవరో అన్నిటికీ ఒకే శీర్షిక, ఒకే పెద్ద దేవుడి బొమ్మ పెట్టారు. నా 64 కిలోబైట్లూ ఆ బొమ్మలోనే అయిపోయాయి. నేను గుర్తుపట్టినది ప్రవచనాన్ని అనుకున్నాను గానీ, పటాన్ని.

దీన్ని సరిచేయడం తేలికే. ఐడీ3 రెండో తరం ట్యాగ్ మొదటి 10 బైట్లలో దాని పరిమాణం రాసి ఉంటుంది. నాలుగు బైట్లలో ఒక్కోదానికి 7 బిట్లే లెక్కలోకి వస్తాయన్న చిన్న మెలిక తప్ప చదవడం కష్టం కాదు. ఆ ట్యాగ్‌ను దాటేసి, చివర 128 బైట్ల పాత ట్యాగ్ ఉంటే దాన్నీ వదిలేసి, మిగిలిన ఆడియో పరిమాణాన్నీ, ఆ ఆడియో సరిగ్గా మధ్య నుంచి తీసిన 64 కిలోబైట్ల హ్యాష్‌నూ కలిపి గుర్తుగా చేశాను. ఇప్పుడు ఫైలు పేరు మార్చినా, బొమ్మ మార్చినా, కార్డు మార్చినా చోటు దాని వెంటే వస్తుంది. క్యాసెట్ గుణం తిరిగి వచ్చిందని కొంత గర్వపడ్డాను కూడా. ఆ గర్వం ఎంతకాలం నిలిచిందో చివర్లో చెబుతాను.

47 అంటే 47 కావాలి

పరీక్ష కోసం ఒక ప్రత్యేకమైన ఫైలు తయారుచేసుకున్నాను. 80 నిమిషాల నిశ్శబ్దంలో ప్రతి నిమిషం మొదట్లో నా గొంతుతో ఆ సంఖ్య చెప్పి రికార్డు చేసినది. "నలభై ఆరు", "నలభై ఏడు" అని వినిపిస్తుంది. దాన్ని నాన్నగారి ఫైళ్ల మాదిరిగానే వేరియబుల్ బిట్‌రేట్, అంటే సెకనుకు పట్టే డేటా మారుతూ ఉండే ఎమ్‌పీ3గా మార్చాను. 47వ నిమిషం దాటి కొద్ది సెకన్లకు ఆపి, ప్రాసెస్‌ను చంపి, తిరిగి తెరిచి ప్లే నొక్కాను. తెర మీద 47 దాటి ఉంది. కాసేపటికి నా గొంతే "నలభై ఏడు" అని మళ్లీ చెప్పింది, అంటే శబ్దం 47కు ముందు నుంచే మొదలైంది.

కారణం ఎమ్‌పీ3 నిర్మాణంలో ఉంది. ఎమ్‌పీ3 ఫైలు చిన్న చిన్న ఫ్రేముల వరుస, 44.1 కిలోహెర్ట్జ్ రికార్డింగులో ఒక్కో ఫ్రేము 1152 శాంపిళ్లు (శబ్దపు కొలతలు), అంటే సుమారు 26 మిల్లీసెకన్లు. బిట్‌రేట్ స్థిరంగా ఉంటే ఏ నిమిషం ఏ బైటు దగ్గరుందో భాగహారంతో తేలుతుంది. బిట్‌రేట్ మారుతూ ఉంటే ఆ లెక్క కుదరదు. అందుకని ఫైలు మొదట్లో జింగ్ హెడర్ అనేది 100 గళ్ల పట్టిక ఒకటి ఇస్తుంది: నిడివిలో ఒక్కో శాతానికి ఫైలులో ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. ఒక్కో గడికి ఒక్క బైటే కనుక ఆ చోటును ఫైలులో 256వ వంతు మేరకే చెప్పగలదు. నాలుగు నిమిషాల పాటకు అది ఒక సెకను తేడా, ఎవరికీ పట్టదు. 80 నిమిషాల ప్రవచనంలో 256వ వంతు అంటే దాదాపు 19 సెకన్లు, పట్టికలో పక్కపక్క గళ్ల మధ్య దూరం 48 సెకన్లు. పైగా ప్లేయర్ తాను అనుకున్న చోటుకే చేరానని నమ్మి అక్కడి నుంచి గడియారం నడుపుతుంది కాబట్టి, దాచే చోటు కూడా తప్పే అవుతుంది. రోజుకు నాలుగుసార్లు ఆపి మొదలుపెట్టేవారికి ఆ తప్పు మీద తప్పు పేరుకుంటుంది.

బైటు స్థానాన్ని దాచితే ఈ బాధ లేదు కదా అనిపించవచ్చు, కానీ ట్యాగ్ మారితే బైట్లన్నీ జరుగుతాయి. తెర మీద చూపే నిమిషం కూడా తప్పుగానే ఉండిపోతుంది. నేను వాడిన ఎక్సోప్లేయర్‌లో, అంటే ఇప్పుడు మీడియా3లో భాగమైన గూగుల్ వారి లైబ్రరీలో, ఎమ్‌పీ3 చదివే భాగానికి ఇండెక్స్ సీకింగ్ అనే ఎంపిక ఉంది. అది పట్టికను నమ్మకుండా, కావలసిన చోటు వరకూ ఫ్రేములను లెక్కబెట్టుకుంటూ వెళుతుంది. ఇంటర్నెట్ మీది ఫైలుకు ఇది తగదు, ఎందుకంటే అక్కడి దాకా దించుకోవలసి వస్తుంది. ఫోనులోనే ఉన్న ఫైలుకు మాత్రం ప్లే నొక్కాక చిన్న విరామం తప్ప నష్టం లేదు. ఆ విరామంలో తెర మీద ఏదో తిరుగుతూ కనిపించేలా చేశాను, లేకపోతే నొక్కడం అందలేదనుకుని మళ్లీ నొక్కుతున్నారు.

కాస్త వెనక నుంచి

క్యాలెండర్ మీద నాన్నగారు ఒకటి రెండు నిమిషాలు తగ్గించి రాసుకోవడం గుర్తుంది కదా. మాటను సరిగ్గా తెగిన చోట అతికిస్తే వినేవారికి అతుకుతుందన్న నమ్మకం లేదు; వాక్యం మధ్యలో మొదలైన మాట పట్టాలెక్కేలోగా విషయం దాటిపోతుంది. ఎంత వెనక్కి పోవాలనేది ఎంతసేపటి క్రితం ఆపారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అలవాటుగా దాచిన తేదీ, సమయం ఇక్కడ పనికొచ్చాయి. నిమిషం లోపైతే 2 సెకన్లు, గంట లోపైతే 10, ఒక రోజు లోపైతే 30, అంతకు మించితే 60 సెకన్లు వెనక్కి. ఈ అంకెలకు శాస్త్రం ఏమీ లేదు, నాన్నగారు చిరాకు పడని దగ్గర ఆగాను.

ఇందులో నేను చేసిన తప్పు వెనక్కి జరిపిన చోటునే మళ్లీ దాచడం. అప్లికేషన్ తెరిచి, ప్లే నొక్కి, ఎవరో పిలిస్తే ఆపి, మళ్లీ తెరిచి, ఇలా అయిదారుసార్లు చేస్తే ఏమీ వినకుండానే ప్రవచనం నిమిషం పైగా వెనక్కి నడిచేది. ఇప్పుడు వెనక్కి జరపడం మోగించే క్షణంలో మాత్రమే జరుగుతుంది, విన్నది పాత చోటును దాటేదాకా దాచిన అంకె మారదు. గీత మీద వేలు తగిలి చోటు ఎగిరిపోయే ప్రమాదానికీ ఇలాంటిదే మందు: వేలితో జరిపిన కొత్త చోటు నుంచి 20 సెకన్లు వరుసగా మోగితేనే దాన్ని నమ్ముతాను. జేబులో పెట్టుకునేటప్పుడు తగిలిన వేలు 20 సెకన్లు వినదు.

పూర్తయినట్టు ఎప్పుడు లెక్క అన్నది చూడటానికి చిన్న విషయం. చివరి సెకను దాకా వింటేనే పూర్తి అనుకుంటే చాలా ఫైళ్లు ఎప్పటికీ పూర్తికావు, ఎందుకంటే మన వాళ్లు మంగళం పాడుతుండగానే లేస్తారు. నిడివిలో చివరి 2 శాతంలోకి వస్తే పూర్తయినట్టు లెక్కగట్టి టిక్కు పెడుతున్నాను. 80 నిమిషాల ఫైలుకు అది 96 సెకన్లు. ఇక సుప్రభాతం సంగతి. చిన్న ఫైళ్లను మొదటి నుంచే మోగించాలని 15 నిమిషాల హద్దు పెట్టాను, పాటలన్నీ అందులో ఇమిడిపోయాయి. సుప్రభాతం ఫైలు 20 నిమిషాలు దాటి ఉంది, మొదటి తెల్లవారే అది మధ్య శ్లోకం నుంచి మొదలైంది. నిడివిని బట్టి ప్రవచనానికీ స్తోత్రానికీ తేడా చెప్పడం కుదరదని ఒప్పుకుని, ఫోల్డర్‌కు ఒక స్విచ్ పెట్టాను: "ఎప్పుడూ మొదటి నుంచి". ప్లేయర్ మొత్తంలో నేను జంకుతూ పెట్టిన సెట్టింగు ఇదొక్కటే.

ఫోన్ వచ్చినప్పుడు, నిద్ర వచ్చినప్పుడు

కాల్ వస్తే ఆండ్రాయిడ్ ఆడియో ఫోకస్‌ను, అంటే శబ్దం చేసే వంతును, మన నుంచి తాత్కాలికంగా తీసుకుంటుంది, ముగిశాక తిరిగి ఇస్తుంది. ఫోకస్ పోవడం వల్ల మనం ఆగి ఉంటేనే, అది తిరిగి వచ్చినప్పుడు మనంతట మనం మోగాలి. కాల్‌కు ముందే ఆయన చేత్తో ఆపి ఉంటే మోగకూడదు. ఈ తేడాకు కోడ్‌లో అవును, కాదు అని గుర్తుంచుకునే ఒక్క జెండా చాలు గానీ, దాన్ని మరిచిన ప్లేయర్లు నేను చాలా చూశాను. నోటిఫికేషన్ శబ్దం వచ్చినప్పుడు సంగీతాన్ని కొద్దిగా తగ్గిస్తే సరిపోతుంది, మాటను తగ్గిస్తే ఆ మాట పోతుంది. కాబట్టి ఆడియోను స్పీచ్ అని ప్రకటించి, తగ్గించే బదులు ఆపుతున్నాను. ఇయర్‌ఫోన్ ఊడితే ఆగుతుంది, మళ్లీ పెడితే ఊరుకుంటుంది.

నిద్ర మాత్రం నాకు పూర్తిగా లొంగలేదు. వింటూ నిద్రపోతే ఒక ఫైలు అయిపోయి తర్వాతిది మొదలై, పొద్దున చూస్తే మూడు రోజుల ప్రవచనాలకు టిక్కులు పడి ఉండేవి. ముందుగా, తర్వాతి ఫైలుకు తనంతట తాను వెళ్లడం మానిపించాను. ఆపైన, ఆగిన చోటుతో పాటు చివరిసారి ఫోనుకు చెయ్యి తగిలిన చోటును కూడా ఆ వరుసలోనే దాచడం మొదలుపెట్టాను. ఈ రెంటి మధ్య 20 నిమిషాలకు మించి దూరం ఉంటే "మొదటి నుంచి" బటన్ పక్కన "నిద్రకు ముందు" అని ఇంకో బటన్ వస్తుంది. అసలు నిద్ర ఎప్పుడు పట్టిందో ఫోనుకు తెలియదు, ఆయనకూ తెలియదు. అయినా ఆ బటన్ ఆయనకు నచ్చింది.

ఒకే ప్రవచనం, ఇద్దరు శ్రోతలు

ఇక ఆ గర్వం సంగతి. అమ్మ కూడా అదే ఫోనులో, అదే ప్రవచనాలను, మధ్యాహ్నం పూట వినడం మొదలుపెట్టింది. ఇద్దరి చోట్లూ కలిసిపోతున్నాయని నాకు చెబితే మళ్లీ నెల రోజులు పడుతుందనుకుందేమో, తమ్ముడి చేత ఫోల్డర్‌ను ఇంకో కాపీ చేయించి దానికి తన పేరు పెట్టించుకుంది. పాత్‌ను నమ్మే మామూలు ప్లేయర్‌లో ఆ ఉపాయం చక్కగా పనిచేసేది. నాది సరుకును బట్టి గుర్తుపట్టే తెలివైన ప్లేయర్ కదా, రెండు కాపీలనూ ఒకటే ఫైలుగా చూసింది. అమ్మ 10వ నిమిషంలో ఆపితే నాన్నగారికి 10వ నిమిషం నుంచి వచ్చింది. నాన్నగారు మళ్లీ క్యాలెండర్ కాగితం తీశారు.

ఇప్పుడు వరుసలో పాత్ కూడా ఉంటుంది. ఫైలు తెరవగానే ముందు పాత్‌తో వెతుకుతాను. దొరికి, సరుకు గుర్తు కూడా సరిపోతే అదే చోటు. పాత్ దొరక్కపోతే సరుకు గుర్తుతో వెతికి, ఆ వరుసలో రాసి ఉన్న పాత్‌లో ఫైలు ఇంకా ఉందా అని చూస్తాను. లేకపోతే ఫైలు ఇల్లు మారిందని అర్థం కనుక చోటును కొత్త పాత్‌కు బదిలీ చేస్తాను. ఉంటే మాత్రం అది ఇంకొకరి కాపీ. దానికి సున్నా నుంచి కొత్త వరుస. కార్డు బయట ఉన్నప్పుడు పాత ఫైలు లేనట్టే కనిపిస్తుంది కాబట్టి, ఆ కార్డు ఫోనులో లేని సమయంలో బదిలీ చేయకుండా ఒక తనిఖీ కూడా పెట్టవలసి వచ్చింది. అమ్మ ఫోల్డర్ 38 మెగాబైట్ల ఫైళ్లతో కార్డులో సగం మింగేసింది, దాని గురించి తమ్ముడు ఇంకా నన్నే అడుగుతున్నాడు.